యంత్రసేవకు కావలివారు: సైట్ రిలయబిలిటీ ఇంజనీర్ల పనియు, పనిముట్లును

కంప్యూటరు చదువు అనగానే మన తలిదండ్రులలో పలువురకు ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగ మొక్కటే స్ఫురించును. ఇల్లు కట్టిన మేస్త్రిని అందరు నెరుగుదురు. కట్టిన యింటిని వానకును గాలికిని చెడకుండ ఏటేట చూచుకొనువానిని గూర్చి ఎవరును అడుగరు. కంప్యూటరు లోకములో ఈ రెండవ పనికి గత యిరువది యేండ్లలో ఒక ప్రత్యేక విద్యయు, ఒక ప్రత్యేక నామమును ఏర్పడినవి. ఆ పని చేయువారిని సైట్ రిలయబిలిటీ ఇంజనీర్లు అందురు. వారేమి చేయుదురో, ఏ పనిముట్లతో చేయుదురో, మన పాఠశాల పిల్లలకు ఆ విద్య ఎంతవరకు అందుబాటులో నున్నదో తలిదండ్రులకు తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఈ సంగతి మనకేల యని కొందరు తలపవచ్చును. కొరాపుట్, రాయగడ జిల్లాలలో నేడు విద్యార్థివేతనమునకు దరఖాస్తు, కళాశాలలో ప్రవేశము, పరీక్షాఫలితము, రైలు టిక్కెట్టు, తుదకు సంతలో కూరగాయల వెల చెల్లించుట కూడ సైట్ల మీదుగానే జరుగుచున్నవి. దరఖాస్తుకు గడువు ముగియునాటి సాయంకాలము సైటు తెరచుకొననిచో నష్టపోవునది ఎవరు? ఇంటిలో కంప్యూటరు గలవాడు ముందే పని ముగించుకొనియుండును. కొండమీది పల్లెనుండి బస్సు దిగి, సేవాకేంద్రము ముందు వరుసలో నిలుచున్న బాలుడు నష్టపోవును. వానికి ఆ యొక్క దినము పోయిన, ఒక విద్యాసంవత్సరమే పోవచ్చును. కావున సైటు నిలుకడ యనునది ఇంజనీర్లు తమలో తాము మాటలాడుకొను సంగతి మాత్రమే కాదు. అది పేదవాని అవకాశమునకు సంబంధించిన సంగతి.

1. పేరును, పుట్టుకయు

సైటు అనగా కంప్యూటర్ల ద్వారా ప్రజలకు సేవ నందించు స్థానము. రిలయబిలిటీ యనగా నమ్మదగినతనము. పిలిచినప్పుడు పలుకుట, చెప్పిన పని సరిగా చేయుట, అప్పగించిన దానిని పోగొట్టకుండుట — ఈ మూడును చేరినదే నమ్మదగినతనము.

పూర్వము కంప్యూటరు సంస్థలలో రెండు వర్గములుండెడివి. ఒక వర్గము ప్రోగ్రాములు వ్రాసెడిది. రెండవ వర్గము వానిని రాత్రింబవళ్లు నడిపెడిది. వ్రాయువారికి క్రొత్త మార్పులు త్వరగా తేవలెనని కోరిక. నడుపువారికి ఏ మార్పును లేకున్న మేలని కోరిక. ఏలయన మార్పు వచ్చినప్పుడే యంత్రము మొరాయించును. ఇరువురును తమ తమ ధర్మమునే పాటించుచుండిరి. ఐనను వారి మధ్య తగవు తీరెడిది కాదు.

2003లో బెన్ ట్రేనర్ స్లాస్ అను ఇంజనీరు గూగుల్ సంస్థలో చేరెను. ఏడుగురు ఇంజనీర్ల చిన్న జట్టు నతనికి అప్పగించిరి. అతడు నడుపు పనిని కూడ ప్రోగ్రాములు వ్రాయగల ఇంజనీర్లకే ఒప్పగించి, ఒక నియమము నేర్పరచెను. ఆ ప్రకారము వారు తమ కాలములో సగమునకు మించి చేతిపనికి వెచ్చించరాదు. తక్కిన సగము ఆ చేతిపనియే లేకుండ చేయు ప్రోగ్రాములు వ్రాయుటకు వినియోగింపవలెను. ఉదాహరణమునకు, ఒక కంప్యూటరులో ప్రతి ఉదయమును పాత చిట్టాలు పేరుకొని చోటు నిండిపోవుచున్న దనుకొనుడు. ఒకడు ప్రతిదినము వచ్చి వానిని తుడిచివేయవచ్చును. అట్టి విసుగు పుట్టించు మరల మరల పనిని వారు టాయిల్ అందురు. తెలివిగలవాడు ఒక్కసారి కూర్చుండి, తనంత తానే తుడుచుకొను ఏర్పాటు చేయును. ఇదియే ఈ వృత్తికి మూలసూత్రము. 2016లో గూగుల్ ఇంజనీర్లు తమ అనుభవమును గ్రంథరూపమున ప్రకటించిన పిమ్మట ఈ పద్ధతి పలు సంస్థలకు వ్యాపించినది.

2. కొలత లేనిది కాపలా లేదు

మన జిల్లావారికి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము తెలిసినదే. జోలాపుట్ ఆనకట్టనుండి వచ్చు నీరు డుడుమ జలపాతము చెంత యంత్రములను త్రిప్పుచున్నది. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రముల ఉమ్మడి ఆస్తియైన ఈ కేంద్రము 1955లో విద్యుత్తు నిచ్చుట మొదలిడినది. అట్టి కేంద్రములలో నున్న ఇంజనీరు యంత్రమును ముట్టి చూడడు, కొలతపలకలను చూచును. మన దేశములో విద్యుత్తు ఆవృత్తి సెకనుకు 50 ఉండవలెను. ముల్లు ఆ యంకెనుండి తొలగినచో, ఊరిలో దీపము లింకను వెలుగుచుండగనే, ఏదో లోపము జరిగినదని అతడు గ్రహించును.

సైట్ రిలయబిలిటీ ఇంజనీరు పనియు అట్టిదే. అతడు ముఖ్యముగా నాలుగు కొలతలను చూచుచుండును. రాయగడ రైలుస్టేషనులోని టిక్కెట్టు కిటికీని మనసులో నుంచుకొన్నచో అవి సులభముగా బోధపడును.

మొదటిది ఆలస్యము: ఒక్కొక్కరికి టిక్కెట్టు అందుటకు ఎంతసేపు పట్టుచున్నది? రెండవది రద్దీ: గంటకు ఎందరు వచ్చుచున్నారు? మూడవది తప్పులు: ఎందరికి టిక్కెట్టు దొరకక, లేక తప్పు టిక్కెట్టు వచ్చి, తిరిగిపోవుచున్నారు? నాలుగవది నిండుదనము: కిటికీలును గుమాస్తాలును తమ శక్తిలో ఎంతవరకు వాడబడుచున్నారు? ఈ నాలుగింటిని కనిపెట్టినవానికి, వరుస వీధిలోనికి రాకముందే రెండవ కిటికీ తెరువవలెనని తెలియును.

ఇట్టి కొలతను వారు సేవాసూచిక యందురు. ఆ సూచిక ఏ మట్టమున నుండవలెనని తామే నిర్ణయించుకొన్న యంకె సేవాలక్ష్యము. ఆ లక్ష్యము తప్పినచో వాడుకరులకు ఏమి పరిహార మీయవలెనో వ్రాసికొన్న పత్రము సేవాఒప్పందము. సూచిక, లక్ష్యము, ఒప్పందము — ఈ మూడింటిని కలగాపులగము చేయరాదు.

3. లోపములకు ఒక పద్దు

ఇప్పుడు ఒక చిత్రమైన సంగతి చెప్పవలసియున్నది. ఈ ఇంజనీర్లు నూటికి నూరుపాళ్లు నిలుకడను లక్ష్యముగా పెట్టుకొనరు. అట్లు పెట్టుకొనుట తప్పని వాదింతురు.

లెక్క చూతము. ముప్పది దినముల నెలలో 43,200 నిమిషములు కలవు. నూటికి 99 పాళ్లు సేవ యనిన వినుటకు సొంపుగా నుండును గాని, ఆ నెలలో 432 నిమిషములు, అనగా 7 గంటల 12 నిమిషములు సైటు మూతపడుట కది అనుమతి నిచ్చును. 99.9 పాళ్లయినచో ఆ యనుమతి 43 నిమిషములకు తగ్గును. 99.99 పాళ్లయినచో 4 నిమిషముల చిల్లర. 99.999 పాళ్లయినచో 26 సెకనులు మాత్రమే. ఒక్కొక్క తొమ్మిదిని చేర్చుకొలది శ్రమయు వ్యయమును మిక్కుటముగా పెరుగును. సైటు ఎంత నిలుకడగా నున్నను, కొండలనడుమ ఫోనుకు సంకేతము సరిగా అందనిచోట వాడుకరికి ఆ చివరి తొమ్మిది భేదమే తెలియదు.

కావున వారు లక్ష్యమునకును నూటికిని నడుమ మిగిలిన చిన్న భాగమును ఒక పద్దుగా వ్రాసికొందురు. దీని పేరు ఎర్రర్ బడ్జెట్. లోపములకు కేటాయించిన మొత్తమని భావము. పద్దులో నిలువ యున్నంతకాలము క్రొత్త మార్పులు తేవచ్చును. పద్దు అయిపోయినచో, క్రొత్తపనులు ఆపి, ఉన్నదానిని బాగుచేయుటకు పూనుకొనవలెను. గృహిణి నెలసరి ఖర్చును నడుపు తీరు ఇట్టిదే గదా! వ్రాయువారికిని నడుపువారికిని మధ్యనున్న పాత తగవు ఈ యొక్క అంకెతో తీరినది. ఎవరి గొంతు పెద్దదని చూడ నక్కరలేదు. పద్దులో ఎంత మిగిలినదని చూచిన చాలును.

ఐతే పెద్ద సేవలలో చిన్న భాగము కూడ చిన్నది కాదు. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2016లో ప్రారంభించిన యూపీఐ చెల్లింపులు 2025 ఆగస్టు నెలలో 2,000 కోట్లు దాటినవి. అనగా సగటున సెకనుకు ఏడువేలకు పైగా. అట్టి సేవలో వేయింటికి ఒక్కటి తప్పినను నెలకు రెండు కోట్ల చెల్లింపులు తప్పినట్లగును. 2025 ఏప్రిల్ 12న ఆ సేవకు దేశమంతట అంతరాయము కలిగినప్పుడు, చేతిలో నోట్లు లేని కొనుగోలుదారులును, చిల్లర వర్తకులును ఎట్లు తికమక పడిరో మనము చూచియేయున్నాము. అంకెలలో చుక్కకు కుడివైపున నున్న తొమ్మిదుల వెనుక ఇట్టి మనుష్యులున్నారని పిల్లలకు నేర్పవలెను.

4. పనిముట్లు

వడ్రంగికి ఉలి, బాడిస ఉన్నట్లు ఈ వృత్తికిని కొన్ని పనిముట్లు కలవు. వానిని పని ననుసరించి అయిదు తరగతులుగా చెప్పవచ్చును.

మొదటి తరగతి కొలుచునవి. ప్రొమీథియస్ అను పనిముట్టు 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో పుట్టినది. అది కొన్ని సెకనుల కొకసారి ప్రతి కంప్యూటరు నడిగి అంకెలు సేకరించి, కాలక్రమమున దాచియుంచును.

రెండవ తరగతి చూపునవి. 2014లో వచ్చిన గ్రఫానా ఆ యంకెలను గీతలుగను, రంగుపటములుగను తెరమీద చూపును. జ్వరపీడితుని మంచమునకు వ్రేలాడదీసిన ఉష్ణోగ్రతపటము వంటిదిది.

మూడవ తరగతి పిలుచునవి. అంకె హద్దు దాటినచో ఆ వేళకు కాపలాలో నున్న ఇంజనీరు ఫోనును మ్రోగించును. అతడు పలుకనిచో తరువాతివానిని లేపును. పేజర్‌డ్యూటీ ఇట్టిది. ప్రతి చిన్నదానికి మ్రోగు గంటను ఎవరును లెక్కచేయరు. కావున మనిషి వెంటనే చేయవలసిన పని యున్నప్పుడే గంట మ్రోగునట్లు అమర్చుట ఈ విద్యలో ఒక నేర్పు.

నాలుగవ తరగతి నడుపునవి. గూగుల్ 2014లో లోకమునకు విడుదల చేసిన కుబర్నెటీస్ అను దాని పేరునకు గ్రీకు భాషలో చుక్కాని పట్టువాడని అర్థము. వందలకొలది కంప్యూటర్లలో ఒకటి పడిపోయినచో, దాని పనిని మరియొక దానికి తనంత తానే మార్చును. టెర్రాఫారమ్ అనునది కంప్యూటర్ల అమరికనంతయు ఒక వ్రాతపత్రమున నుంచి, ఆ పత్రము ననుసరించి మరల నిర్మింపగలదు. గిట్ అనునది ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేసిరో చిట్టా వ్రాసియుంచి, అవసరమైనచో వెనుకటి స్థితికి మరలించును.

అయిదవ తరగతి పరీక్షించునవి. నెట్‌ఫ్లిక్స్ సంస్థవారు కేయాస్ మంకీ, అనగా అల్లరికోతి, అను ప్రోగ్రామును తయారుచేసిరి. అది పనివేళలలో తమ కంప్యూటర్లలో నొకదానిని ఉన్నట్టుండి ఆపివేయును. సేవ కుంటుపడక నడచిన సరి. లేనిచో బలహీనత ఎక్కడ నున్నదో అందరును మెలకువగా నున్నప్పుడే తెలియును.

ఈ చివరిదానిలోని బుద్ధి మన ప్రాంతమువారికి వేరుగ చెప్ప నక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడును, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము తీరమును దాటి రాయగడ జిల్లాను ముంచెత్తినప్పుడును విద్యుత్తు, ఫోనులు, దారులు అన్నియు ఒక్కసారిగ తెగినవి. ఉన్నదంతయు ఒక్కచోటనే దాచిన సంస్థ అట్టి దినమున చేయగలిగిన దేమియు లేదు. అందుచేతనే సేవను దూరదూరముననున్న రెండు మూడు ఊళ్లలో నుంచి, ఒకటి పోయిన మరియొకటి పలుకునట్లు ఏర్పాటు చేయుదురు. ఆ ఏర్పాటు పనిచేయునో లేదో తుపానుకు ముందే సరిచూతురు.

5. చెడినప్పుడు చేయవలసినది

ఎంత జాగ్రత్త పడినను ఏదో ఒకనాడు సేవ నిలిచిపోవును. 2021 అక్టోబరు 4న, మనకు రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట, ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడును మూగవోయినవి. మరమ్మతులో భాగముగా ఇచ్చిన ఒక ఆజ్ఞ ఆ సంస్థ కంప్యూటరు కేంద్రములను కలుపు ప్రధానమార్గములను తెంచివైచెను. అట్టి ఆజ్ఞను అడ్డగింపవలసిన తనిఖీ ప్రోగ్రాములో దోషముండుటచే అది అడ్డగింపలేదు. బాగుచేయుటకు వాడవలసిన పనిముట్లు కూడ ఆ మార్గముల మీదనే ఆధారపడియుండెను. ఇంజనీర్లు స్వయముగా కేంద్రములకు పోవలసివచ్చెను. సేవ మరల లేచుటకు సుమారు ఆరు గంటలు పట్టినది. తాళపుచెవిని ఇంటిలోపలనే ఉంచి తలుపు వేసికొన్నట్లయినది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణసంస్థ పంపిన దోషయుక్తమైన మార్పువలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పనిచేయకుండ పోయినవి. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతివ్రాతతో ప్రయాణపత్రము లిచ్చిరి. ఆ మార్పును ముందు కొలదిమందికి పంపి, ఫలితము చూచి, పిదప అందరికి పంపియున్నచో నష్టము చాల తగ్గియుండెడిది. ఈ మెట్టుమెట్టు పద్ధతిని కెనరీ పద్ధతి యందురు. పూర్వము బొగ్గుగనులలో విషవాయువును పసిగట్టుటకు కెనరీ పిట్టను వెంట తీసికొనిపోవు ఆచారమునుండి ఈ పేరు వచ్చినది.

ఆపద వచ్చినప్పుడు ఈ ఇంజనీర్లు మొదట కారణమును వెదకుచు కూర్చుండరు, సేవను లేపుదురు. ఒకడు నాయకత్వము వహించును, ఒకడు మరమ్మతు చేయును, ఒకడు ప్రజలకు సమాచారము తెలుపును. సేవ లేచిన పిదప జరిగినదంతయు గడియవారీగా వ్రాయుదురు. దీనిని పోస్టుమార్టమ్ అందురు. ఇందులో ఒక కఠిననియమము కలదు: వ్యక్తిని నిందింపరాదు. ఎవరు చేసిరన్న ప్రశ్నకు బదులుగా, ఒక్కని చేయి జారినంతనే ఇంత నష్టము కలుగునట్లు ఏర్పాటు ఎట్లున్నది అని ప్రశ్నింతురు. దండింతురను భయమున్నచోట మనుష్యులు నిజమును దాతురు. దాచిన దోషము మరల వచ్చును. పలక పగిలినదని కొట్టెడి ఇంటిలో పిల్లవాడు ముక్కలను పరుపుక్రింద దాచుట మన మెరుగనిది కాదు.

6. మన పిల్లలును, ఈ విద్యయు

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్టణమున గొప్ప కంప్యూటరు కేంద్రమును నిర్మింతునని ప్రకటించినది. 2026 నుండి 2030 వరకు అయిదేండ్లలో దానికి 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతునని చెప్పినది. దాని విద్యుత్తు అవసరము గిగావాట్ పరిమాణము గలది. ఒక గిగావాట్ అనగా సుమారు ఎనిమిది మాచ్‌ఖండ్ కేంద్రముల శక్తి. ఈ వృత్తి పుట్టిన సంస్థయే మన రైలు పోయి నిలుచు ఊరికి వచ్చుచున్నది. ఐనను కేంద్రము కట్టినంతమాత్రమున ఉద్యోగములు మన వాకిటికి రావు. చదివినవానికే అవి అందును.

ఏమి చదువవలెను? ఈ పనికి ఇంజనీరింగు, లేక కంప్యూటరు పట్టము గలవారిని సాధారణముగా తీసికొందురు. కాని పట్టముకంటె ముందు లైనక్స్ అను నిర్వహణవ్యవస్థ, కంప్యూటర్ల మధ్య సమాచారము నడచు తీరు, పైథాన్ వంటి ఒక ప్రోగ్రామింగు భాష, గణితములో శాతములు, సగటులు బాగుగా రావలెను. లైనక్స్, ప్రొమీథియస్, గ్రఫానా, కుబర్నెటీస్, గిట్ — ఇవి యన్నియు ఉచితముగా లభించును. వెల యెక్కువగాని కంప్యూటరుమీదనే అభ్యసింపవచ్చును. కావున మూడు నెలలలో ఈ ఉద్యోగము ఖాయమని చెప్పి వేలకువేలు రుసుము కోరు ప్రకటనలను చూచి తలిదండ్రులు తొందరపడి అప్పుచేయకుందురు గాక. పునాది లేని చోట సర్టిఫికెట్టు నిలువదు.

ఈ వృత్తిలో కష్టము కూడ కలదు. జట్టులోనివారు వంతులవారీగా రాత్రి కాపలా కాయవలెను. అర్ధరాత్రి గంట మ్రోగిన లేవవలెను. భారతదేశమునను అమెరికాయందును జట్లు గల సంస్థలు పగటివేళలను పంచుకొని ఈ భారమును కొంత తగ్గించుకొనుచున్నవి.

తెలుగు మాధ్యమమున చదివినవానికి ఈ విద్య సాధ్యమా యని పలువురు సందేహింతురు. పనిముట్ల పేర్లును, గ్రంథములును ఇంగ్లీషులోనే యున్నవి. కనుక ఇంగ్లీషు తప్పక శ్రద్ధతో నేర్పవలెను. కాని కారణమును వెదకు ఆలోచన బిడ్డకు మొదట ఏ భాషలో స్పష్టపడునో ఆ భాషలోనే బలపడవలెను. మరియు మన ప్రాంతపు బిడ్డకు ఒక మేలు కలదు. ఇంటిలో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకములో ఇంగ్లీషు మాటలాడుచు, ఒకే సంగతిని ముగ్గురకు మూడు తీరుల తెలియజెప్పుట వానికి చిన్ననాటనే అలవడుచున్నది. చెడిన సంగతిని ప్రోగ్రాము వ్రాసినవానికి ఒక తీరున, అధికారికి ఒక తీరున, వరుసలో నిలిచిన సామాన్యునకు మరియొక తీరున చెప్పవలసిన వృత్తిలో ఈ అలవాటు విలువైనది.

ఇంటివద్ద చేయుటకు అభ్యాసము

తలిదండ్రులు పిల్లలతో కలిసి ఈ క్రింది ప్రశ్నలను చూడగోరుచున్నాను.

(1) ఒక సైటు సేవాలక్ష్యము 99.9 పాళ్లు. 365 దినములలో అది ఎంతసేపు నిలిచిపోవచ్చును? (జవాబు: 8 గంటల 45 నిమిషముల 36 సెకనులు.)

(2) దరఖాస్తుల సైటు ఏడాదిలో ఆ కొద్ది గంటలు మాత్రమే మూతపడినది. కాని ఆ గంటలన్నియు గడువు చివరి దినముననే వచ్చినవి. లక్ష్యము నెరవేరినట్లా? సేవ జరిగినట్లా? ఆ సైటునకు ఎట్టి కొలత తగును?

(3) మీ యింటిలో ఈ నెల చెడిన వస్తు వొక్కదానిని గూర్చి, ఎవరిని నిందింపకుండ, ఎప్పుడు చెడినది, ఎట్లు తెలిసినది, ఎట్లు బాగుపడినది, మరల చెడకుండ ఏమి చేయవలెను అని నాలుగు వాక్యములలో వ్రాయుడు.

రెండవ ప్రశ్నకు జవాబు అంకెలలో దొరకదు. దానిని గూర్చి ఇంటిల్లిపాదియు చర్చించినచో, ఈ వృత్తి ఎవరికొరకు ఏర్పడినదో పిల్లలు తామే గ్రహింతురు.